హాస్టల్ పిల్లలు, శనివారం సాయంత్రాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు నెల రోజుల కిందట ఫోన్ చేసి, "నువ్వు చర్మం డాక్టరువి కదా, పిల్లలకి ఫోనులో చేస్తున్న వైద్యం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. పక్కనే ఉన్న కోశాధికారిగారు ఫోన్ లాక్కుని, "గజ్జి, తామర అంటూ భోజనాల ముందు మొదలెట్టకు బాబూ" అన్నారు. అందుకే నన్ను భోజనాల తర్వాత పెట్టారు. పూతరేకులు తిన్నాక నిద్ర రావడం సహజం. అయినా నేను గజ్జి గురించే చెబుతాను.

నేను ఇక్కడ ఆరో తరగతిలో చేరింది 1974లో. వానాకాలం వెళ్ళాక ఒక రోజు ప్రైమరీ హెల్త్ సెంటర్ నుంచి కాంపౌండరుగారు సైకిలు మీద వచ్చేవారు. ఒక సీసా నిండా పాలలాంటి తెల్లటి మందు, గోడకి సున్నం వేసే కుంచెలాంటి బ్రష్షు. హాస్టల్ పిల్లల్ని చొక్కాలిప్పించి రావిచెట్టు కింద వరసగా నిలబెట్టేవారు. ఆ మందు బెంజైల్ బెంజోయేటు అని నాకు తర్వాత కాలేజీలో తెలిసింది. గోకిన చోట తగిలితే భగ్గుమని మండేది. వాళ్ళు గంతులేస్తుంటే మేము, అంటే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలం, కిటికీలోంచి చూసి నవ్వేవాళ్ళం. అది మర్చిపోయాం అనుకుంటాం గానీ మర్చిపోలేదు. ఇక్కడ కొందరు తలలు దించుకోవడం నాకు కనబడుతోంది.

మా తరగతిలో లంక ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడొకడు నా పక్కన కూర్చునేవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. చేతులెప్పుడూ బల్ల కింద పెట్టుకునేవాడు. ఎనిమిదో తరగతిలో అతన్ని వెనక విడిగా ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరు కూర్చోబెట్టారన్నది ఇప్పుడు అనవసరం. ఆ నెలలోనే నాకూ వేళ్ళ సందుల్లో అవే పొక్కులు, రాత్రిళ్ళు అదే దురద. మా అమ్మ వేపాకు, పసుపు నూరి ఒంటికి పట్టించి, పది రోజులు బడి మాన్పించి మావయ్య వాళ్ళింటికి పంపింది. బడిలో ఏం చెప్పారో తెలుసా అండి? నాకు "వేడి చేసింది" అన్నారు. అతనికి మాత్రం "గజ్జి". ఒకటే పురుగు. నేను పది రోజులకి వచ్చి నా బల్ల మీద నేను కూర్చున్నాను. అతన్ని తగ్గేదాకా ఇంటికి పంపేశారు. తిరిగి రాలేదు. ఆ తరగతి వాళ్ళకి అతనెవరో తెలుసు, పేరు చెప్పను.

నేను చర్మవైద్యం చదవడానికి అదే కారణమని చెబితే బాగానే ఉంటుంది గానీ నిజం కాదు. నాకొచ్చిన ర్యాంకుకి దొరికిన సీటు అది.

ఇక ఫోను వైద్యం సంగతి. ఇది మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో, ప్రతాప్ సి. రెడ్డిగారి సొంత ఊళ్ళో, 2000లోనే దూరవైద్య కేంద్రం పెట్టారు. ఆ మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు దాన్ని ప్రారంభించారు. అప్పట్లో నేను పేపర్లో చదివి నవ్వుకున్నాను, చర్మం చూడటానికి టీవీ ఎందుకని. ఇరవై ఏళ్ళ తర్వాత, 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, దూరవైద్యం ఎలా చెయ్యాలో కేంద్ర ప్రభుత్వం స్పష్టమైన నియమాలు ఇచ్చింది. ఈ-సంజీవని ద్వారా ఇంట్లోంచే డాక్టరుతో మాట్లాడే వీలు ఆ ఏప్రిల్‌లో వచ్చింది. అదే రోజుల్లో నా దగ్గర పనిచేసే హౌస్ సర్జన్లు ఇద్దరు ముగ్గురు, ఫైనలియర్ విద్యార్థులు కొందరు వచ్చి, "సార్, అమెరికాలో మెడికల్ విద్యార్థులే ఉచిత క్లినిక్కులు నడుపుతారట, కోవిడ్ వచ్చాక కొన్ని వీడియోలోకి మారాయట, మనమూ హాస్టల్ పిల్లలకి చర్మం వరకైనా చేద్దాం" అన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి అక్క అక్కడ చదువుతోంది.

నాకు పెద్ద నమ్మకం లేదు. విద్యార్థులు మందు రాయకూడదు. నియమాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు మాత్రమే రాయాలి. పిల్లల విషయంలో పక్కన పెద్దవాళ్ళు ఉండాలి, వాళ్ళెవరో తెలుసుకోవాలి. ఆ సంగతి చెబితే, "అందుకే కదా సార్ మీరు" అన్నారు. అంటే నేను రబ్బరు స్టాంపునన్న మాట. నిజంగా అలాగే అయింది. ఏ వారం ఏ హాస్టలు, ఎవరు ముందు, పోయినసారి చూసిన పిల్లలకి తగ్గిందా లేదా, మందులెన్ని మిగిలాయి, ఇదంతా వాళ్ళే ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకుంటారు. శనివారం సాయంత్రం నాలుగింటికి అవతల వార్డెన్ గారో, ఏఎన్ఎమ్మో ఫోను పట్టుకుంటారు. విద్యార్థి పిల్లాడితో మాట్లాడి, నాకు చెబుతాడు. నేను చూసి, నాలుగు ప్రశ్నలడిగి సంతకం పెడతాను.

దీనివల్ల లాభమేమిటని అడగొచ్చు. చర్మం డాక్టర్లు ఉండేది కాకినాడలో, రాజమండ్రిలో, అమలాపురంలో, భీమవరంలో. లంకలోని పిల్లాడికి దురదైతే వాళ్ళమ్మ ఒక రోజు కూలి మానుకోవాలి, పడవ దాటాలి, ఆటో ఎక్కాలి, బస్సెక్కాలి. "దురద కోసం ఎవరొస్తారండి డాక్టరుగారూ?" అని ఒకావిడ నన్నే అడిగింది. జ్వరమైతే వస్తారు. దురదకి రారు. బాలల ఆరోగ్య కార్యక్రమం కింద 2013 నుంచి బళ్ళలో పిల్లల్ని పరీక్షిస్తున్నారు, అందులో గజ్జి, తామర కూడా ఉన్నాయి. కానీ బడికి ఆ బృందం వచ్చేది ఏడాదికోసారి. గజ్జి క్యాలెండరు చూసుకుని రాదు.

మొదటి రెండు నెలలూ ఫోటోలు తీయడం నేర్పడానికే సరిపోయింది. పిల్లాణ్ణి ట్యూబులైటు కింద నిలబెట్టి ఫ్లాష్ కొడితే ఒంటి మీద తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడదు. వరండాలో, ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో తీయాలి. ముందు దూరం నుంచి ఒకటి, ఒళ్ళంతా ఎక్కడెక్కడ ఉందో తెలిసేలా. తర్వాత జానెడు దూరం నుంచి ఒకటి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి. తీసేముందు ఫోను కెమెరా అద్దాన్ని పంచె అంచుతోనైనా తుడవాలి. పూర్తిగా చెరిగిపోయిన ఫోటోల్లో సగం కొబ్బరినూనె వేలిముద్రల వల్లే. ఆడపిల్లలకి టీచరుగారే తీయాలి. మర్మావయవాల ఫోటో ఎవరికీ తీయకూడదు, అక్కడ ఉందా లేదా అని అడిగితే చాలు. సొంత ఫోనులో ఒక్క ఫోటో కూడా ఉండకూడదు. ఈ ఆఖరి మాట మీద నేను ఇద్దరు విద్యార్థుల్ని ఇంటికి పంపేశాను కూడా.

ఇంకో సంగతి. మేము చదివిన పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లవాళ్ళ చర్మాలవి. అందులో వాపు ఎర్రగా ఉంటుంది. మన పిల్లల ఒంటి మీద అదే వాపు నల్లగానో, ఊదాగానో ఉంటుంది. విద్యార్థులు "ఎరుపు లేదు సార్" అని రాసేవారు. ఎరుపు కోసం వెతకొద్దు, పక్క చర్మం కంటే ఏం మారిందో చూడండి అని చెప్పడానికి చాలా శనివారాలు పట్టింది.

ఇప్పుడు మేము చేసిన తప్పులు చెబుతాను. మంచి పనులు సావనీరులో మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు.

2022 జూలైలో గోదావరి వచ్చింది గుర్తుందిగా. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. పి.గన్నవరం, మామిడికుదురు వైపు లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీశాక పిల్లలు హాస్టళ్ళకి తిరిగొచ్చారు. తడి పక్కలు, ఒకే దుప్పట్లో ఇద్దరు ముగ్గురు. ఒక హాస్టల్లో ఎనభై మందికి పైగా ఉన్నారు. ఆ శనివారం పదకొండు మందిని చూపించారు. పదకొండు మందికీ గజ్జే. పర్మెత్రిన్ క్రీము రాశాం, మెడ నుంచి అరికాలి దాకా రాత్రి పూసి పొద్దున్నే కడుక్కోమన్నాం. వారం తర్వాత బాగా తగ్గింది. విద్యార్థులు చప్పట్లు కొట్టుకున్నారు. నేనూ కొట్టాను. మూడు వారాలకి ఇరవై ఆరు మందిని చూపించారు. మొదటి పదకొండు మందిలో తొమ్మిది మంది మళ్ళీ అందులో ఉన్నారు.

ఎందుకిలా అయిందో చెప్పాలి, ఎందుకంటే మేము చేసే పనంతా దీని మీదే ఆధారపడి ఉంది. గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మామూలుగా ఒక మనిషి ఒంటి మీద పది, పదిహేను ఉంటాయి, అంతే. దురద పెట్టేది పురుగు కరిచి కాదు. దాని ఎంగిలి, దాని మలం మన ఒంటికి పడక దురద పెడుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ పడకపోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ఏమిటి? ఏ దురదా లేకుండా, హాయిగా నిద్రపోతున్న పిల్లాడు కూడా నెల రోజుల పాటు పక్కవాడికి అంటిస్తూనే ఉంటాడు. మేము గోక్కునేవాళ్ళకి మందిచ్చాం. గోక్కోనివాళ్ళ దగ్గర్నుంచి అది తిరిగొచ్చింది. తెర మీద నిజాయితీగా కనబడింది ఆ పదకొండు మందే. మిగతా డెబ్భై మందిని ఎవరూ చూపించలేదు, మేము అడగలేదు.

ఒక హౌస్ సర్జన్ అమ్మాయి, భీమవరం పిల్ల, "సార్, ఫైలేరియా మాత్రల్లాగా ఇద్దాం" అంది. మన జిల్లాల్లో బోదకాలు మాత్రలు అందరికీ ఒకేసారి మింగించేవారు కదా, కాలు వాచిందా లేదా అని చూసేవారు కాదు. ఆ మాత్రలోని డైఇథైల్ కార్బమజైన్‌ని ఫైలేరియాకి మందుగా తెచ్చింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమేనని ఆ పిల్ల సందు దొరికినప్పుడల్లా గుర్తుచేస్తుంది. ఊరి గొప్ప. చెప్పుకోనివ్వండి.

అలాగే చేశాం. ఒకే రాత్రి, హాస్టల్లో ఉన్న అందరికీ. వార్డెన్ గారికి, వంటవాళ్ళకి, వాచ్‌మన్‌కి, వాళ్ళ ఇంట్లో పిల్లలకి కూడా. పదేళ్ళ పిల్లాడికి ముప్పై గ్రాముల ట్యూబులో సగం దాకా పడుతుంది. గోళ్ళ కింద, బొడ్డులో, వేళ్ళ సందుల్లో మానకుండా రాయాలి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి రాశారు, మేము ఫోనులో చూస్తూ "వీపు, వీపు మర్చిపోయారు" అని అరుస్తూ ఉన్నాం. పొద్దున్న బట్టలన్నీ వేడినీళ్ళలో ఉడకబెట్టారు, ఉడకబెట్టలేనివి సంచుల్లో మూటగట్టి పక్కన పడేశారు, మనిషి ఒళ్ళు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజుల కంటే బతకదు. వారం పది రోజులకి రెండో రాత్రి మళ్ళీ అందరికీ. మొదటి రాత్రి ఉత్సాహం రెండో రాత్రికి ఉండదు. తగ్గిపోయింది కదా అంటారు. అసలు పని రెండో రాత్రిదే, గుడ్లలోంచి వచ్చినవి అప్పుడే చస్తాయి.

ఇంకా ఒక చిక్కు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. తల్లిదండ్రులు మందు పనిచెయ్యలేదని మెడికల్ షాపుకెళ్ళి వేరే ట్యూబు తెస్తారు. ఆ ట్యూబుల కథ వేరే పెద్ద కథ. స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపినది. రాసిన రెండు రోజులు దురద మాయం, తర్వాత చుట్టు తామర ఒళ్ళంతా పాకుతుంది. 2018లో స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టింది. మీ ఊరి షాపులో చీటీ అడిగారేమో మీరే చెప్పండి.

గజ్జికి చచ్చిపోతారా అని కొందరు అడుగుతారు. గజ్జికి కాదు, గోకుడికి ప్రమాదం ఉంది. గోకిన చోట చీము పడుతుంది. ఆ చీముకి కారణమైన స్ట్రెప్టోకాకస్ వల్ల, పుండ్లు మానిపోతున్న సమయంలో కొందరు పిల్లలకి మూత్రపిండాలు వాస్తాయి. ఒక శనివారం వరసలో ఏడో పిల్లాడు. నేను అప్పటికే అలిసిపోయి చేతులు చూసి "గజ్జి, చీము" అనేశాను. ఫైనలియర్ కుర్రాడు తర్వాతి పిల్లాణ్ణి పిలవకుండా, "వార్డెన్ గారూ, వీడి కళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా అండి?" అన్నాడు. ఆయన "ఇప్పుడే నిద్ర లేచాడు బాబూ" అన్నారు. సాయంత్రం నాలుగున్నరకి. కుర్రాడు వదల్లేదు, "ఒరేయ్ తమ్ముడూ, ఉచ్చ ఏ రంగులో వస్తోందిరా?" అని అడిగాడు. పిల్లాడు కాసేపు సిగ్గుపడి, "టీ డికాషన్‌లా" అన్నాడు. ఆ రాత్రే కాకినాడ పెద్దాసుపత్రికి పంపించాం. బీపీ బాగా ఎక్కువగా ఉంది. మూడు వారాలుండి కోలుకుని వెళ్ళాడు. నేను చూసింది చేతులు. ఆ కుర్రాడు చూసింది పిల్లాణ్ణి.

రెండో తప్పు పూర్తిగా నాది. తొమ్మిదేళ్ళ అమ్మాయి, మోచేతి పైన రూపాయి బిళ్ళంత లేతరంగు మచ్చ. పిల్లల ముఖాల మీద తెల్లటి పొడలు వస్తే మనం కడుపులో పురుగులంటాం, చాలావరకు అది పొడిబారిన చర్మమే. ఈ మచ్చ కూడా అదేనన్నాను. విద్యార్థిని, "స్పర్శ చూద్దామా సార్?" అంది. వెనక ఎనిమిది మంది ఉన్నారు. "ఫోనులో స్పర్శేం చూస్తావమ్మా, కొబ్బరినూనె రాయమను" అన్నాను. ఆరు వారాల తర్వాత ఆ ఊరి ఏఎన్ఎం వేరే పని మీద హాస్టలుకి వెళ్ళి, ఆ అమ్మాయి కళ్ళు మూయించి, మచ్చ మీద పెన్ను మొనతో తాకింది. అమ్మాయికి తెలియలేదు. పక్క చర్మం మీద తాకితే వెంటనే వేలు పెట్టి చూపించింది. కుష్ఠు.

దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేదని 2005 డిసెంబరులో ప్రకటించారు, పదివేల మందికి ఒకటి కంటే తక్కువ కేసులున్నాయని. ఆ లెక్క నిజమే. ఆ లెక్క చదువుకున్న నా బుర్ర, మచ్చ కనబడితే కుష్ఠు అన్న మాటే తలుచుకోవడం మానేసింది. ఆ అమ్మాయికి ఆరు నెలలు ఉచితంగా మాత్రలు ఇచ్చారు. చేతి నరాలకి ఏమీ కాలేదు, వంకర రాలేదు. పిల్లలకి కుష్ఠు వచ్చిందంటే దగ్గర్లో వైద్యం అందని పెద్దవాళ్ళు ఉండొచ్చు కాబట్టి ఇంట్లోవాళ్ళందరినీ పరీక్షించారు. నేను ఆ ఏఎన్ఎం గారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆవిడ, "మీరు అక్కడున్నారు, నేను ఇక్కడున్నాను, అంతేకదండీ" అంది. అప్పటినుంచి లేతరంగు మచ్చ ఏది కనబడినా అవతల ఉన్నవాళ్ళు దూది వత్తితో, పిల్లల కళ్ళు మూయించి, తాకి చూస్తేనే పుస్తకంలో రాస్తాం. తాకకపోతే "చూడలేదు" అని రాస్తాం, "లేదు" అని రాయం.

ఇప్పుడు సంఘానికి నా విన్నపం. స్వర్ణోత్సవ నిధి నుంచి ఈ పనికి సాయం చేద్దామని అనుకుంటున్నారని విన్నాను. పెద్ద తెరలు, ట్యాబ్లెట్లు కొందామని, వాటి మీద దాతల పేర్లు వేద్దామని కూడా విన్నాను. పేర్లు వేసుకోవడంలో తప్పు లేదు, నా పేరు కూడా ఎక్కడో ఒక కుర్చీ మీద ఉంది. కానీ అండి, ఫోనులు మా దగ్గర సరిపడా ఉన్నాయి. లేనివి వేరే. హాస్టల్లో ప్రతి పిల్లాడికీ తనదంటూ ఒక దుప్పటి, ఒక తువ్వాలు లేవు. అందరికీ రెండు రాత్రులకి సరిపడా క్రీము ఒకేసారి ఎప్పుడూ దొరకదు, సగం మందికి వస్తుంది, సగం మందికి ఇస్తే ఇవ్వనట్టే. కొన్నిచోట్ల బట్టలు ఉడకబెట్టడానికి గాబు కూడా లేదు. వీటి మీద దాతల పేర్లు వేస్తే ఉతుకులో పోతాయి.

ఇంకొకటి డబ్బుతో రాదు. శనివారం సాయంత్రం అక్కడ ఉండే మనిషి కావాలి. వార్డెన్ గారికి వంద పనులు, ఏఎన్ఎం గారికి ఐదారు ఊళ్ళు. ఇక్కడ రిటైరైన మాస్టార్లు, టీచర్లు ఉన్నారు. మీ మాట పిల్లలు వింటారు. దూది వత్తి పట్టుకోవడం, వెలుతురులో నిలబెట్టడం, "ఇంకెవరికైనా ఉందా, సిగ్గుపడకండి" అని అడగడం, రెండో రాత్రికి గుర్తుపెట్టుకుని వెళ్ళడం, ఇదే పని. మా విద్యార్థులు రెండు శనివారాల్లో మీకు నేర్పేస్తారు. వాళ్ళ వయసు చూసి కోప్పడకండి. మన సంఘంలో డాక్టర్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు, నెలకొక శనివారం సంతకానికి ఒకరొస్తే నాకూ కాస్త ఊపిరాడుతుంది.

మన బడి పక్క హాస్టల్లోనే మొన్న మొదటి రాత్రి అయింది. పిల్లల్ని రావిచెట్టు కింద నిలబెట్టలేదు, లోపల గదుల్లోనే రాసుకున్నారు. రెండో రాత్రి వచ్చే శనివారం. ట్యూబులు వచ్చేశాయి. దుప్పట్లు ముప్పై తక్కువున్నాయి. నాలుగింటికల్లా వరండాలోకి వస్తే పుస్తకం పట్టుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంటుంది, మీ పేరు ఆవిడకి చెప్పండి.